కోడ్ రాసిన అబ్బాయికి కంట్రోలర్ ఇవ్వాలా, బాగా నడిపే అమ్మాయికా?

మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఇదీ. గుంటూరులో మీ స్కూల్ టీమ్ మొదటిసారి ఫస్ట్ టెక్ ఛాలెంజ్ అనే స్కూలు పిల్లల రోబోటిక్స్ పోటీకి వెళ్తోంది, పిల్లలు పదకొండు మంది, డ్రైవర్లుగా చోటు ఇద్దరికే. కోడ్ అంతా రాసిన తొమ్మిదో తరగతి అబ్బాయి నేనే నడుపుతానంటున్నాడు, ఎనిమిదో తరగతి అమ్మాయి అతని కంటే బాగా నడుపుతోంది కానీ నోరు తెరిచి అడగదు, పైగా మోటార్లకి డబ్బులిచ్చిన ఒక నాన్నగారు మావాడికి ఛాన్స్ ఇవ్వండి అంటూ ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. నేను విజయవాడలో పటమట వైపు ఒక స్కూల్లో ఫిజిక్స్ చెప్తాను, కొన్నేళ్లుగా అక్కడి రోబోటిక్స్ టీమ్‌ని చూసుకుంటున్నాను. ఈ గొడవ ప్రతి సీజన్‌లోనూ వస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

ఎవరు స్పీడుగా నడుపుతున్నారో చూసి ఎంచుకోకండి. రోబోకి ఏదైనా తేడా వచ్చాక పది సెకన్లలో పిల్లలు ఏం చేస్తున్నారో చూసి ఎంచుకోండి.

ఎందుకంటే మ్యాచ్ అంటే మొదట 30 సెకన్లు రోబో తనంతట తను నడుస్తుంది (దీన్నే ఆటోనమస్ అంటారు), తర్వాత కంట్రోలర్లు చేతిలోకి తీసుకోవడానికి 8 సెకన్లు, ఆ తర్వాత పిల్లలు నడిపేది 2 నిమిషాలే. ఆ రెండు నిమిషాలూ ప్రాక్టీస్‌లో జరిగినట్టు జరగడం నేను దాదాపు ఎప్పుడూ చూడలేదు. వస్తువుల్ని లోపలికి లాక్కునే ఇన్‌టేక్‌లో ఏదో ఇరుక్కుంటుంది, మన అలయన్స్‌లో, అంటే మనతో జతగా ఆడే, రెండో టీమ్ రోబోనే దారికి అడ్డంగా నిలబడుతుంది, ఆటోనమస్‌లో రోబో అనుకోని మూలకి పోయి ఆగుతుంది. అలాంటప్పుడు స్పీడు ఎందుకూ పనికిరాదు.

కాబట్టి ట్రయల్స్ పెట్టండి, కానీ ఒక్కరోజులో తేల్చేయకండి. మొదటి రోజు ఫోన్లో గేములు ఆడే పిల్లలే గెలుస్తారు, బొటనవేళ్లు అలవాటు పడి ఉంటాయి కదా. వాళ్లకి ఇబ్బంది తర్వాత వస్తుంది. గేములో మనం సాధారణంగా బొమ్మ వెనక నుంచి చూస్తాం, ఇక్కడ డ్రైవర్ ఫీల్డ్ బయట ఒకేచోట నిలబడాలి, రోబో తనవైపు తిరిగి వస్తుంటే కుడి ఎడమలు తారుమారవుతాయి. ఈ తికమక పోవడానికి ఎవరికైనా కొంత టైమ్ పడుతుంది, కొందరు నిదానంగా మొదలుపెట్టి దాన్ని బాగా పట్టేస్తారు. పక్కలకి కూడా కదలగలిగే మెకానమ్ వీల్స్ అయితే ఫీల్డ్ సెంట్రిక్ మోడ్ పెట్టుకోవచ్చు, అంటే రోబోకి మెదడులాంటి కంట్రోల్ హబ్‌లోని సెన్సర్‌ని బట్టి రోబో ఎటు తిరిగి ఉన్నా స్టిక్ ముందుకి తోస్తే డ్రైవర్‌కి దూరంగానే వెళ్తుంది. పెట్టాలా వద్దా అన్నది ట్రయల్స్‌కి ముందే తేల్చేయండి, సగం మంది అయ్యాక మార్చితే మిగతావాళ్లకి అన్యాయం.

అన్యాయం అంటే బ్యాటరీ సంగతి కూడా చెప్పాలి, ఇది చాలామంది పట్టించుకోరు. మన 12 వోల్ట్‌ల బ్యాటరీ ఫుల్ ఛార్జ్‌లో 13 పైన చూపిస్తుంది, వాడుతూ పోతే రోబో బరువెక్కినట్టు కదులుతుంది, ఆర్మ్ నెమ్మదిస్తుంది. ఒకే బ్యాటరీతో వరసగా నడిపిస్తే చివర వచ్చిన పిల్లలు బాగా నడపలేదనిపిస్తుంది, తప్పేమో బ్యాటరీది. ఎవరి వంతుకైనా ముందు వోల్టేజ్ రాసుకోండి, అందరికీ దగ్గర దగ్గరగా ఉండేట్టు చూడండి. నేల విషయమూ అంతే, గ్రానైట్ ఫ్లోర్ మీద ట్రయల్స్ పెట్టొద్దు. అసలు ఫీల్డ్ 12 అడుగులకి 12 అడుగులు, 24 అంగుళాల ఫోమ్ టైల్స్ 36. అన్నీ కొనలేకపోతే సగం ఫీల్డ్‌కైనా కొనండి, నున్నటి నేల మీద చక్రాలు జారతాయి, పిల్లలకి బ్రేక్ అంచనా తప్పుగా అలవాటవుతుంది.

ట్రయల్ పని అందరికీ ఒకటే ఇవ్వండి: వస్తువుల్ని ఈ చివర్నుంచి తీసుకుని ఆ చివర వెయ్యడం, రెండు నిమిషాలు, ఒక్కొక్కరికీ వేరువేరు రోజుల్లో నాలుగైదు సార్లు. ఎవరికి ఎన్ని పాయింట్లో రాయండి, కానీ బెస్ట్ స్కోర్ కంటే అందులో అధ్వాన్నమైన స్కోర్ ఎంతో చూడండి. ఒకసారి పన్నెండు వేసి మరోసారి రెండు వేసే పిల్లవాడికంటే ఎప్పుడూ ఏడు వేసే పిల్లే నాకు కావాలి, ఎందుకంటే టోర్నమెంట్‌లో సాధారణంగా క్వాలిఫికేషన్ మ్యాచ్‌లు ఐదో ఆరో ఉంటాయి, ఒక్కటి పూర్తిగా పోయినా ర్యాంకులో దిగిపోతాం.

ఇక చివరి రెండు ట్రయల్స్‌లో ఏదో ఒకటి చెడగొట్టండి. చెడగొడతామని ముందే చెప్పండి, ఏది ఎప్పుడో మాత్రం చెప్పకండి. మధ్యలో ఇన్‌టేక్ మోటార్ పనిచేయకుండా చెయ్యండి, లేదా ఇంకో పిల్లవాడు అట్టపెట్టె తెచ్చి దారిలో అడ్డం పెట్టాలి, చుట్టూ ఉన్నవాళ్లు అరవాలి. అప్పుడు చూడండి. ఒకడు వెనక్కి తిరిగి "ఒరేయ్, నీ కోడే రా" అని అరుస్తాడు. ఒకడు పనిచేయని బటన్‌నే ఇంకా గట్టిగా నొక్కుతుంటాడు. మా దగ్గర ఒకమ్మాయి "మేడమ్, ఇన్‌టేక్ పోయింది, లోపలున్నది వేసేసి పార్కింగ్‌కి వెళ్లిపోతా" అని తల తిప్పకుండానే చెప్పి, చెప్పినట్టే చేసింది. ఆ ఏడు డ్రైవర్ తనే, ఎవ్వరూ అభ్యంతరం చెప్పలేదు, అందరి కళ్ల ముందే జరిగింది కాబట్టి.

మీకు కావాల్సింది మంచి డ్రైవర్లు ఇద్దరు కాదు, ఒక మంచి జత. ఒకరు చక్రాలు నడిపితే ఇంకొకరు ఆర్మ్, ఇన్‌టేక్ చూసుకుంటారు, పక్కన డ్రైవ్ కోచ్ టైమ్ చెప్తుంటారు. అందుకని ట్రయల్స్‌లో పైకి వచ్చిన నలుగురైదుగురిని జతలు మార్చి మార్చి నడిపించండి. ప్రాణస్నేహితులు బాగా కుదురుతారనుకుంటాం, నేను చూసినంతలో వాళ్లు ఎక్కువ మాట్లాడుకుంటారు, మ్యాచ్‌లో అలిగిన సందర్భాలూ ఉన్నాయి. తక్కువ మాటల్లో పని జరిగిపోయే జత కావాలి. "ఆగు", "వెయ్", "వెనక్కి" లాంటివి నాలుగైదు ఖాయం చేసుకోమనండి. లెఫ్ట్ అంటే రోబో లెఫ్టా మన లెఫ్టా అన్నది మ్యాచ్ మధ్యలో తేల్చుకునే సంగతి కాదు.

మీ కోడ్ రాసిన అబ్బాయి గురించి. రాసినవాడే నడిపితే లాభం ఉంది, ఏ బటన్ ఏం చేస్తుందో వాడికే బాగా తెలుసు. కానీ నడుపుతూనే తప్పెక్కడుందో వెతకడం మొదలుపెడతాడు, చెయ్యి ఆగిపోతుంది. ఇంకో ఇబ్బంది, రెండు మ్యాచ్‌ల మధ్య కోడ్ సరిచెయ్యాల్సి వస్తే ఆ మనిషి ల్యాప్‌టాప్ దగ్గర ఉండాలి, డ్రైవరేమో అప్పటికే క్యూలో నిలబడి ఉండాలి. ఒక్కడే రెండుచోట్లా ఎలా ఉంటాడు? వాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఇదే చెప్పండి, డ్రైవ్ కోచ్‌గా ప్రయత్నిస్తావా అని అడగండి. కోచ్ కంట్రోలర్ ముట్టుకోకూడదు కానీ ఎప్పుడు ఏం చెయ్యాలో చెప్పేది తనే. కోడ్ మధ్యలో సరిచెయ్యాల్సి వస్తే ఆ ఒక్క మ్యాచ్‌కి కోచ్‌గా ఇంకొకరు నిలబడొచ్చు, డ్రైవర్‌ని మార్చడమంత నష్టం ఉండదు. ఇది బుజ్జగింపు పదవిలా ఇవ్వకండి, రూల్స్ పుస్తకం చదివి పాయింట్లు వేళ్ల మీద చెప్పగలిగితేనే ఇవ్వండి.

అడగని అమ్మాయి సంగతి నాకు చాలా ముఖ్యం. "ఎవరు నడుపుతారు?" అని గదిలో అడిగితే మగపిల్లల చేతులే ముందు లేస్తాయి, ఆడపిల్లలు నోట్‌బుక్ రాయడానికి, పోస్టర్ గీయడానికి సర్దుకుంటారు. ప్రతి స్కూల్లోనూ ఇదే చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది. అడగొద్దు. పదకొండు పేర్లూ రాసి గోడకి అంటించండి, ఎవరి వంతు ఏ రోజో రాయండి, ఇష్టం లేనివాళ్లు వచ్చి పేరు కొట్టించుకోవాలి.

ఆ నాన్నగారికి ట్రయల్స్ అయ్యాక సంజాయిషీ ఇవ్వకండి, కష్టం. ముందే పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో రాసేయండి: ట్రయల్స్ తేదీలు ఇవి, చూసే అంశాలు ఇవి, స్కోర్లు పిల్లలందరికీ చూపిస్తాం. మా దగ్గర ఇలా పెట్టాక ఫోన్లు బాగా తగ్గాయి. మీరు ఆయనకి విడిగా చెప్పాల్సి వస్తే, మీవాడికీ అందరితో సమానంగా వంతు ఉందండీ అని చెప్పండి, అంతకు మించి ఒక్క మాట వద్దు.

రెండో జతని కూడా తయారుచెయ్యండి, కాగితం మీద కాదు, వారంలో ఒక రోజు ప్రాక్టీస్ పూర్తిగా వాళ్లకే ఇవ్వండి. జ్వరాలొస్తాయి, యూనిట్ టెస్టులొస్తాయి, సంక్రాంతికి ఊరెళ్లినవాళ్లు ఆలస్యంగా వస్తారు. పైగా మన దగ్గర పదో తరగతి అయిపోగానే పిల్లలు ఇంటర్ హాస్టళ్లకి వెళ్లిపోతారు, తొమ్మిదో తరగతి డ్రైవర్ మీకు ఇంకొక్క సీజనే, అదీ పబ్లిక్ పరీక్షల ఏడు. రెండో జతలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలుంటే వచ్చే ఏడు మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టక్కర్లేదు.

మీ రోబోకి మెకానమ్ వీల్సా మామూలు చక్రాలా, కంట్రోలర్‌లో స్లో మోడ్ బటన్ ఉందా లేదా చెప్పండి. స్లో మోడ్ లేకపోతే ట్రయల్స్‌కి ముందే పెట్టించాలి, అది ఎలాగో మీ జవాబు చూశాక రాస్తాను.