వేయించిన బార్లీ టీ ఇంట్లో చేస్తే గంజిలా వస్తోంది, ఏం చేయాలి?

సాయంత్రం తర్వాత కాఫీ వద్దని డాక్టరు చెప్పిన మీ మామయ్యగారికి, కొరియా సీరియళ్ళలో చూపించే బార్లీ టీ చేసి ఇద్దామనుకున్నారు. కిరాణా కొట్లో బార్లీ తెచ్చి, కాస్త వేయించి మరిగిస్తే చిక్కగా, జిగురుగా వచ్చిందన్నారు. ప్యాకెట్లు కొనకుండా ఇంట్లో కుదురుతుందా, మన జొన్నలు, మొక్కజొన్నలతో కూడా చేయొచ్చా అని అడిగారు. రెండూ కుదురుతాయండీ. మాది విజయవాడ, సత్యనారాయణపురం. మా ఇంట్లో ఇది ఏళ్ళుగా నడుస్తున్న వ్యవహారం. ఎండాకాలం ఫ్రిజ్‌లో సీసా ఖాళీ అయితే మా అత్తయ్యగారు ఊరుకోరు.

ముందు గంజి సంగతి. మీరు ఎంతసేపు మరిగించారన్నదాని కంటే ఎంతవరకు వేయించారన్నది ముఖ్యం. మన కొట్లలో దొరికే తెల్ల బార్లీ పొట్టు తీసి పాలిష్ పట్టినది. పైనంతా పిండే. మూత్రంలో మంట ఉన్నప్పుడు మనం కాచుకునే బార్లీ నీళ్ళకు ఆ పిండే కావాలి, అందుకే అవి చిక్కగా ఉంటాయి. టీకి మాత్రం ఆ పిండి వేగిపోవాలి. నీళ్ళు లేని వేడి బాగా తగిలితే పిండిపదార్థం చిన్న చిన్న ముక్కలుగా విరుగుతుంది, ఆ తర్వాత నీళ్ళలో మరిగించినా ముందంత చిక్కబడదు. మనకు వంటింట్లో ఏదైనా దోరగా వేయించి దించడం అలవాటు కదా, ఇక్కడ దోరగా వేయిస్తే చాలదు. సగం వేగిన బార్లీ సగం గంజే ఇస్తుంది.

రుచి కూడా అక్కడే పుడుతుంది. గింజలోని చక్కెరలు, మాంసకృత్తుల తాలూకు అమైనో ఆమ్లాలు వేడికి కలిసి రంగు, వాసన తెస్తాయి. ఈ చర్యను ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ 1912లో వివరించాడు. బ్రెడ్ పైపొర ఎర్రబడడంలోనూ, కాఫీ గింజలు కమ్మగా వేగడంలోనూ ఉన్నది ఇదే. అప్పుడు పుట్టే పైరజీన్లు అనే పదార్థాల వల్లే వేయించిన గింజలకు ఆ ప్రత్యేకమైన వాసన. కాఫీ మానేసినవాళ్ళకు కాఫీలో దేనికోసం మనసు లాగుతుందో అందులో కొంత ఇక్కడ దొరుకుతుంది, కెఫీన్ మాత్రం బొత్తిగా ఉండదు. ఇందులో తేయాకు లేదు కదా. మీ మామయ్యగారికి రాత్రి భోజనం అయ్యాక ఇచ్చినా కెఫీన్ వల్ల నిద్రకు అడ్డు ఉండదు.

ఇక వేయించడం గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే పనంతా ఇక్కడే ఉంది.

ఒక గ్లాసు బార్లీ తీసుకోండి. రాళ్ళూ మట్టిబెడ్డలూ ఏరి, రెండు మూడు నీళ్ళు పోసి పైపిండి పోయేలా కడగండి. పాత పంచె మీద పరిచి ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వండి. తడి ఉంటే గింజ ముందు ఉడికి తర్వాత వేగుతుంది, రంగు మచ్చలు మచ్చలుగా వస్తుంది. అడుగు మందంగా ఉన్న ఇనప మూకుడు అన్నిటికంటే మంచిది. నాన్‌స్టిక్ వద్దు, ఖాళీగా అంతసేపు వేడెక్కడం ఆ పూతకు మంచిది కాదు. మూకుడు ముందుగా మధ్యస్థంగా వేడెక్కాక గింజలు వేసి, సెగ తగ్గించి, అట్లకాడతో అడుగు నుంచి కలుపుతూనే ఉండాలి. ఫోన్ మోగినా వదిలిపెట్టకూడదు.

మొదట గింజ ఇంకా తెల్లబడినట్టు కనిపిస్తుంది, లోపలి తేమ పోతోందన్నమాట. కాసేపటికి చిటపటలు మొదలవుతాయి, పేలాలు వేయించేటప్పటి వాసన వస్తుంది. అక్కడితో అయిపోయిందనిపిస్తుంది కానీ అది సగం దారే. బంగారు రంగు వస్తుంది, ఆ తర్వాత ఎరుపు, ఆ తర్వాత గోధుమ రంగు. మా పొయ్యి మీద గ్లాసు గింజలకు ఇరవై నిమిషాలు పైనే పడుతుంది. గింజ చింతపిక్క రంగుకు తిరిగి, సన్నగా పొగ లేచిందంటే వెంటనే వెడల్పాటి పళ్ళెంలోకి దించేయాలి. మూకుట్లోనే వదిలేస్తే ఆ వేడికే మాడిపోతాయి. రంగు చూసి అనుమానం వస్తే ఒక గింజ పళ్ళ కింద కొరికి చూడండి. కరుక్కున విరగాలి. విరిగిన చోట తెల్లటి పిండి కనిపించిందంటే పైన మాత్రమే వేగింది, సెగ ఎక్కువైందని అర్థం. లోపల కూడా లేత గోధుమ రంగు ఉంటే సరిగ్గా వేగినట్టు. ఈ ఒక్క పరీక్ష చేస్తే గడియారం చూడక్కర్లేదు.

నల్లగా బొగ్గు చేయకండి. ఎంత నల్లగా ఉంటే అంత ఘాటు అనుకుని కొందరు అలా చేస్తారు. చేదు తప్ప ఏమీ రాదు. పైగా పిండి గింజలను 120 డిగ్రీలు దాటి వేయించినప్పుడు అక్రిలమైడ్ అనే పదార్థం కొంత తయారవుతుంది. కాఫీ పొడిలోనూ, చిప్స్‌లోనూ ఉండేదే. దానికి హడలిపోనక్కర్లేదు కానీ మాడిన గింజలు తీసి పారేయడం మంచి అలవాటు. పూర్తిగా చల్లారాక గాజు సీసాలో పెట్టుకుంటే నెల రోజులు వాసన తగ్గదు. వేడి ఉండగా మూత పెడితే లోపల చెమ్మ పట్టి మెత్తబడతాయి.

కాయడం తేలిక. లీటరు నీళ్ళు బాగా మరిగాక రెండు పెద్ద చెంచాల గింజలు వేసి, సెగ తగ్గించి పది నిమిషాలు ఉంచండి. పొయ్యి కట్టేసి ఇంకో పది నిమిషాలు మూతపెట్టి, వడకట్టండి. కాంతికి పెట్టి చూస్తే తేటగా, తేనె రంగులో కనిపించాలి. గింజలు నలగ్గొట్టకండి, మిక్సీలో అసలు వేయకండి. నలిగితే పిండంతా నీళ్ళలోకి వచ్చి మళ్ళీ గంజి దగ్గరికే వస్తారు. నీళ్ళ రుచి ఇందులో బాగా తెలుస్తుంది. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే పేటల్లో ఉంటే తాగే నీళ్ళతోనే కాచండి.

పాలు కలపొచ్చా అని చాలామంది అడుగుతారు. నా మటుకు నేను వద్దంటాను. లీటరుకు రెండు చెంచాల పలుచటి టీలో పాలు పోస్తే ఆ వాసన ఎటో పోతుంది. మీ మామయ్యగారికి పాలు లేనిదే గొంతు దిగదంటే, అరలీటరు నీళ్ళకు నాలుగు చెంచాలు వేసి సగానికి మరిగించి, ఆ డికాషన్‌లో వేడి పాలు పోసి ఇవ్వండి. చిన్న శొంఠి ముక్క వేస్తే ఇంకా బాగుంటుంది.

జపాన్ వాళ్ళు దీన్ని ముగిచా అంటారు, వేసవిలో చల్లగా తాగుతారు. కొరియాలో బొరిచా, అక్కడ ఏడాది పొడుగునా మంచినీళ్ళ బదులు తాగే ఇళ్ళున్నాయి. చైనా వాళ్ళది దామైచా. కొరియా వాళ్ళు బార్లీతో ఆగలేదు. వేయించిన మొక్కజొన్నతో ఒకటి, ముడిబియ్యంతో ఒకటి, అన్నం వండిన గిన్నె అడుగున పట్టిన మాడులో నీళ్ళు పోసి కాచుకునేది ఇంకొకటి. ఈ చివరిది విన్నప్పుడు మా అత్తయ్యగారు అదేం వింత, మేమూ చిన్నప్పుడు మాడులో నీళ్ళు పోసుకుని ఉప్పేసుకుని తాగేవాళ్ళం అన్నారు.

అందుకే మీ జొన్నల ప్రశ్న నాకు నచ్చింది. మా పుట్టిల్లు తెనాలి దగ్గర. అటువైపు వరి కోసాక అదే చేలో రబీకి మొక్కజొన్న, జొన్న వేస్తారు, గింజలకు కరువు లేదు. తొలి ఏకాదశికి జొన్న పేలాలు దంచి, బెల్లం కలిపి పేలపిండి చేసుకునే మనకు గింజ వేయించడం ఎవరో నేర్పక్కర్లేదు. తేడా అల్లా, పేలాలకు మూకుడు బాగా కాగి ఉండాలి, టీకి సన్న సెగ కావాలి. కొన్ని గింజలు పేలినా ఫరవాలేదు. జొన్న టీ బార్లీ అంత ఘాటుగా ఉండదు, చివర్న నాలుక మీద కొంచెం వగరు తగులుతుంది. ఆ వగరు మా ఆయనకు ఇష్టం, పిల్లలు మాత్రం ముట్టరు.

పిల్లలకు నచ్చేది మొక్కజొన్న కలిపినది. రెండు పాళ్ళు బార్లీకి ఒక పాలు ఎండు మొక్కజొన్న గింజలు. చక్కెర వేయకుండానే తీపి వాసన వస్తుంది. మొక్కజొన్న గింజ పెద్దది, గట్టిది కాబట్టి విడిగా, ఇంకాస్త ఎక్కువసేపు వేయించాలి. రెండూ కలిపి వేయిస్తే బార్లీ మాడుతుంది, మొక్కజొన్న పచ్చిగా ఉండిపోతుంది. పాప్‌కార్న్ గింజలు వద్దు, అవి పేలి ఎగిరిపోతాయి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గుంటూరు, కృష్ణా వైపు విత్తనాల కొట్లు చాలా ఉంటాయి, రైతుల ఇళ్ళలో మిగిలిన విత్తనాల ప్యాకెట్లూ ఉంటాయి. గులాబీ రంగో, ఎరుపో పూసి ఉన్న ఆ గింజలకు పురుగుమందు, తెగులుమందు పట్టించి ఉంటుంది. ఎంత కడిగినా అవి తినడానికి, తాగడానికి పనికిరావు. తిండికని అమ్మే గింజలే కొనండి. పూజా సామాన్ల కొట్లో దొరికే యవల (అవీ బార్లీ గింజలే) విషయంలోనూ అంతే, అవి తినే సరుకేనని అడిగి తేల్చుకోకుండా వాడకండి.

పొట్టుతో ఉన్న బార్లీ దొరికితే ఇంకా తేటగా, ఇంకా ఘాటుగా వస్తుంది. వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల టోకు కొట్లలో అడిగి చూడండి. ఉత్తరాది వాళ్ళు నడిపే కొట్లలో జౌ అంటే వెంటనే అర్థమవుతుంది. దొరక్కపోతే దిగులు పడకండి, నేను ఎక్కువగా వాడేది మామూలు తెల్ల బార్లీనే. రాగులు, సజ్జలు కూడా ప్రయత్నించాను. రాగి గింజ మరీ చిన్నది, రంగు మారడం కనిపెట్టేలోపే మాడుతుంది. సజ్జల్లో నూనె ఎక్కువ, వేయించి నిల్వ పెడితే కారువాసన వస్తుంది. ఆ రెండిటినీ అంబలికి, రొట్టెలకు వదిలేయడం మేలు.

ఎండాకాలం జాగ్రత్త ఒకటుంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. తేయాకు టీలో సూక్ష్మజీవులను కొంత అడ్డుకునే పదార్థాలు ఉంటాయి, ఇందులో అవి లేవు. పైగా గింజలోంచి దిగిన పిండి ఉంటుంది. రోహిణి కార్తెలో మన బెజవాడ వంటింట్లో రాత్రంతా బయట ఉంచితే తెల్లారేసరికి పాడైపోతుంది. కాచి వడకట్టిన గిన్నెను చన్నీళ్ళ పళ్ళెంలో పెట్టి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు రోజుల్లో తాగేయండి. గింజలను అందులోనే నానబెట్టి ఉంచకండి. పులుపు వాసన వచ్చినా, తీగలా సాగినా పారబోయడమే. ఆఫీసుకు తీసుకెళ్ళేవాళ్ళు చల్లటి టీని ఫ్లాస్కులో పోసుకోవచ్చు.

ఇది తాగితే బరువు తగ్గుతుందని, షుగర్ కరిగిపోతుందని వీడియోల్లో చెప్పేవి నమ్మకండి. చక్కెర లేని, కెఫీన్ లేని కమ్మటి పానీయం, అంతవరకే. ఎండలో తిరిగి చెమటలు కారిపోయి వచ్చినవాళ్ళకు ఇందులో ఉప్పు లేదు కాబట్టి ముందు ఉప్పేసిన మజ్జిగ ఇవ్వండి, నీరసంగా ఉంటే ఓఆర్ఎస్ ఇవ్వండి. బార్లీలో గ్లూటెన్ అనే మాంసకృత్తి ఉంటుంది, అది పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్ళు తాగకూడదు, వాళ్ళకు జొన్న, మొక్కజొన్నలతో విడిగా చేసి పెట్టొచ్చు. అదీ బార్లీ వేయించిన మూకుడు శుభ్రంగా కడిగాకే. మీ మామయ్యగారికి కిడ్నీ సమస్యో, గుండె సమస్యో ఉండి రోజుకు ఇన్నే నీళ్ళు తాగాలని డాక్టరు చెప్పి ఉంటే, ఈ టీని కూడా ఆ లెక్కలోనే వేయాలి.

ముందు పావుకిలో బార్లీ తెచ్చి, అందులో సగమే వేయించి చూడండి. దించిన గింజను విరిచి లోపలి రంగు ఎలా వచ్చిందో ఇక్కడ రాయండి. టీ ఇంకా చిక్కగానే వస్తుంటే ఆ రంగును బట్టి సెగ తగ్గించాలో, ఇంకాసేపు ఉంచాలో చెప్తాను.