టెక్ సందేహాలు: కోడ్ దాగాలి, ఫలితం కనిపించాలి

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టు రిపోర్టును ఆర్ ప్రోగ్రామింగ్ భాషతో క్వార్టోలో (వచనం, కోడ్, ఫలితాలు కలిపి రిపోర్టు తయారుచేసే సాఫ్ట్‌వేర్) రాస్తున్నాను. పీడీఎఫ్‌ చేస్తే గ్రాఫుల కన్నా కోడ్‌కే ఎక్కువ పేజీలు పోతున్నాయి. ఫలితాలు మాత్రమే ఉంచి, కోడ్‌ను అనుబంధంలో పెట్టమని మా గైడ్ చెప్పారు. కొన్ని వరుసలు పేజీ అంచు దాటిపోతున్నాయి. కోడ్‌లో తెలుగులో రాసుకున్న కామెంట్ల చోట ఖాళీ వస్తోంది. ఏం చేయాలి?
– ఒక పీజీ విద్యార్థిని

జవాబు: కోడ్‌ను చెరిపేసి ఫలితాలను కాపీ చేసి అతికించే పని మాత్రం దయచేసి చేయకండి. డేటాలో ఒక్క విలువ మారినా పట్టికలో పాత అంకె అలాగే ఉండిపోతుంది, దాన్ని మీ గైడ్ కూడా పట్టుకోలేరు. కోడ్ ఫైలులోనే ఉండాలి. అది కనిపించాలా వద్దా అన్నది ఎక్స్‌పోర్ట్ దగ్గర తేల్చుకోవాలి. (ఆప్షన్ల పేర్లను ఉచ్చారణ ప్రకారం రాస్తున్నాను, ఫైలులో ఆంగ్ల అక్షరాల్లోనే టైపు చేయండి.)

ఫైలు మొదట్లో సెట్టింగులు రాసే యామల్ భాగంలో 'ఎగ్జిక్యూట్' కింద 'ఎకో: ఫాల్స్' అని రాస్తే రిపోర్టు అంతటా కోడ్ దాగి, గ్రాఫులు, పట్టికలు మిగులుతాయి. ఎక్కడైనా కోడ్ చూపాలనుకుంటే ఆ సెల్ (ఫైలులో కోడ్ రాసే ఒక్కో గడి) మొదట్లో '#|' గుర్తు పెట్టి 'ఎకో: ట్రూ' అనండి. సెల్‌లో రాసినదే చెల్లుతుంది. చాలామంది తికమకపడేది ఇక్కడే: 'ఎవాల్: ఫాల్స్' కోడ్‌ను దాచదు, నడవకుండా ఆపుతుంది. కాబట్టి ఎకో ట్రూగా ఉంటే కోడ్ కనిపిస్తుంది, గ్రాఫు మాత్రం రాదు. 'ఇన్‌క్లూడ్: ఫాల్స్' పెడితే కోడ్ నడుస్తుంది కానీ ఏమీ కనిపించదు. లైబ్రరీలు లోడ్ చేసే సెల్‌కు ఇదే తగినది. కోడ్‌ను మడిచి ఉంచే 'కోడ్-ఫోల్డ్' హెచ్‌టీఎమ్‌ఎల్‌లోనే పనిచేస్తుంది, పీడీఎఫ్‌లో దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

అనుబంధానికి చక్కని దారి ఉంది. చివర ఒక ఖాళీ సెల్ పెట్టి, దాని 'రెఫ్.లేబుల్' ఆప్షన్‌కు నిటర్ ప్యాకేజీలోని (ఆర్ కోడ్‌ను నడిపి ఫలితాలను రిపోర్టులో చేర్చేది ఇదే) 'ఆల్_లేబుల్స్' ఫంక్షన్‌ను ఇవ్వండి. ఎకో ట్రూ, ఎవాల్ ఫాల్స్ చేయండి. రిపోర్టులోని సెల్‌ల కోడంతా వరుసగా అక్కడికి చేరుతుంది. రేపు ఏ సెల్ మార్చినా అనుబంధం కూడా మారుతుంది. చేతితో అతికించిన అనుబంధానికి ఆ హామీ లేదు.

పొడవు వరుసలకు మొదటి మందు మీ చేతిలోనే ఉంది. కామా తర్వాతో, పైప్ గుర్తు తర్వాతో వరుస విరిస్తే ఆర్‌కు అభ్యంతరం లేదు, చదివేవారికీ హాయి. అప్పటికీ పొడవు వరుసలు మిగిలితే, పీడీఎఫ్‌ను తయారుచేసే లేటెక్‌లోని 'ఎఫ్‌వీఎక్స్‌ట్రా' ప్యాకేజీని 'ఇన్‌క్లూడ్-ఇన్-హెడర్' ద్వారా చేర్చి, కోడ్‌ను రంగుల్లో చూపే 'హైలైటింగ్' ఎన్విరాన్‌మెంట్‌కు 'బ్రేక్‌లైన్స్' ఆప్షన్ ఇవ్వండి.

ఇక తెలుగు కామెంట్లు. వాటిని ఆంగ్లంలోకి మార్చమని నేను చెప్పను. మీ ఆలోచన మీ భాషలోనే ఉండనివ్వండి. కోడ్‌కు వాడే సమవెడల్పు ఫాంట్లలో సాధారణంగా తెలుగు అక్షరాలు ఉండవు, ఖాళీ రావడానికి అదే కారణం. రిపోర్టు వచనానికి తెలుగు ఫాంట్ పెట్టినా కోడ్‌కు అది వర్తించదు. 'పీడీఎఫ్-ఇంజిన్'ను లువాలేటెక్ (లేటెక్‌లో ఒక రకం) చేసి, 'మోనోఫాంట్'గా డెజావు సాన్స్ మోనో వంటిది ఇచ్చి, అందులో లేని అక్షరాల కోసం 'మోనోఫాంట్‌ఫాల్‌బ్యాక్'లో నోటో సాన్స్ తెలుగు చేర్చండి. ఫాంట్ పేరు తర్వాత కోలన్ పెట్టి 'మోడ్=హార్ఫ్' అని రాయడం మరవద్దు, అది లేకపోతే ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. రెండు ఫాంట్లూ కంప్యూటర్‌లో ఉండాలి, క్వార్టో కొత్త వెర్షన్ అయితే మంచిది.

ప్రశ్న: క్వార్టో నుంచి వర్డ్ ఫైలు తీసినప్పుడల్లా కోడ్ అక్షరాల సైజు, నేపథ్య రంగు చేతితో మార్చాల్సి వస్తోంది. ఒకసారి మారిస్తే నిలిచిపోయే దారి ఉందా?
– ఒక కళాశాల అధ్యాపకుడు

జవాబు: ఉంది. ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలును వర్డ్‌లో తెరిచి, స్టైల్స్ జాబితాలో 'సోర్స్ కోడ్' స్టైల్‌ను మీకు నచ్చినట్టు మార్చి వేరే పేరుతో దాచండి. అక్షరాలను విడిగా ఎంచుకుని మారిస్తే పనికిరాదు, స్టైల్‌నే మార్చాలి. వాక్యాల మధ్య వచ్చే కోడ్ ముక్కలది 'వర్బేటిమ్ క్యార్' స్టైల్, దాన్నీ సరిచేయండి. ఆ ఫైలు పేరును యామల్‌లో 'డాక్స్' (వర్డ్ ఫైలు రకం) కింద 'రెఫరెన్స్-డాక్'గా ఇవ్వండి. అందులోని ప్రధాన రాత రిపోర్టులోకి రాదు, స్టైల్స్, పేజీ అమరిక, హెడర్, ఫుటర్ వంటివి వస్తాయి. కాబట్టి అదే ఫైలును మీ విద్యార్థులందరికీ పంచవచ్చు.