వాహన సందేహాలు: ఇంటిల్లిపాదికీ స్పోర్ట్స్ సెడాన్, అదీ గేరు కారు?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటున్నాము. నేను, నా భార్య, తొమ్మిదేళ్ల పాప, మూడేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారు, మొత్తం ఐదుగురం. ఆఫీసుకు రానూ పోనూ రోజుకు 24 కిలోమీటర్లు, నెలకొకసారి రాజమహేంద్రవరం ప్రయాణం. 2022 డిసెంబరులో రిజిస్టరై, ఒకే యజమాని చేతిలో 41,000 కిలోమీటర్లు తిరిగిన స్కోడా స్లావియా 1.5 టీఎస్‌ఐ మాన్యువల్ కారు బేరానికి వచ్చింది. ఆ డబ్బుకు చిన్న ఎస్‌యూవీ కొత్తదే వస్తుందని, ఈ ట్రాఫిక్‌లో ఆటోమేటిక్ అయితేనే సుఖమని ఇంట్లో అంటున్నారు. నాకేమో గేర్లు వేసుకుంటూ నడపడమే ఇష్టం. నా సరదా కోసం ఇంట్లోవాళ్లను ఇబ్బంది పెడుతున్నానేమోనన్న సందేహం వదలడం లేదు. మీ సలహా ఏమిటి?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు చెప్పిన కారు కుటుంబానికి పనికిరానిదేమీ కాదు. అందులోని 1498 సీసీ నాలుగు సిలిండర్ల టర్బో పెట్రోలు ఇంజన్ 150 పీఎస్ శక్తిని, 250 న్యూటన్ మీటర్ల టార్క్‌ను, అంటే చక్రాలను తిప్పే బలాన్ని ఇస్తుంది. ఆ టార్క్ మొత్తం 1,600 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) నుంచే అందుతుంది కాబట్టి ఐదుగురూ కూర్చుని, డిక్కీ నిండా సామాను పెట్టుకుని, ఏసీ వేసుకుని వెళ్తున్నప్పుడు కూడా లారీని దాటడానికి రెండు గేర్లు తగ్గించి ఇంజన్‌ను అరిపించవలసిన అవసరం ఉండదు. ఎదురుగా వాహనాలు వచ్చే రెండు వరుసల దారిలో ఓవర్‌టేక్ ఎంత త్వరగా ముగిస్తే అంత క్షేమం కనుక, ఈ పికప్‌ను కుర్రకారు సరదాగా మాత్రమే చూడనక్కర్లేదు. డిక్కీ 521 లీటర్లు. కార్లను గుద్దించి భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2023లో ప్రకటించిన ఫలితాల్లో ఈ కారుకు పెద్దల రక్షణలో 34కు 29.71, పిల్లల రక్షణలో 49కి 42 పాయింట్లతో రెండింటా ఐదు నక్షత్రాలు వచ్చాయి. అయితే ఆనాటి స్లావియాల్లో రెండు ఎయిర్‌బ్యాగులు ఉన్నవీ, ఆరు ఉన్నవీ రెండు రకాలూ తిరుగుతున్నాయి. బేరానికి వచ్చిన కారులో ఎన్ని ఉన్నాయో అమ్మేవారి మాట మీద కాక, వేరియంట్ పేరును బట్టి, సీటు అంచునా తలుపు స్తంభాల మీదా ఉండే గుర్తులను బట్టి మీరే తేల్చుకోండి.

ఇక ఇబ్బంది సంగతి. మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. ఇంట్లో అందరి గురించీ రాశారు గానీ, మీ భార్యగారు కారు నడుపుతారో లేదో మాత్రం రాయలేదు. నా దృష్టిలో నిర్ణయమంతా ఆ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది. ఆమె నడుపుతారు, అదీ ఆటోమేటిక్‌కు అలవాటుపడ్డారు అంటే, పిల్లలను బడిలో దించడం మొదలుకొని అర్ధరాత్రి ఆసుపత్రి దాకా ప్రతి పనికీ ఆ కారు మీరు ఇంట్లో ఉంటేనే కదులుతుంది. అప్పుడది కుటుంబం కారు కాదు, కుటుంబం డబ్బుతో కొన్న మీ కారు. ఆమె కూడా గేరు కారు నడిపేవారే అయితే, లేదా అసలు నడపని పక్షంలో, ఇంట్లోవాళ్ల అభ్యంతరంలో సగం తీరినట్టే. మిగిలిన సగం మీ ఎడమ కాలికి సంబంధించినది. జేఎన్‌టీయూ కూడలి నుంచి హైటెక్ సిటీ వైపు సాయంత్రం వేళ మొదటి గేరుకూ రెండో గేరుకూ మధ్యనే గంట గడిచిపోయే రోజులుంటాయి. కొనకముందే ఆ కారును ఆ దారిలో, ఆ వేళకే ఒకసారి నడిపి చూడండి. ఆదివారం ఉదయం ఔటర్ రింగ్ రోడ్డు మీద నడిపి చూస్తే ఏ కారైనా నచ్చుతుంది.

అమ్మగారి విషయంలో కొలతల కంటే ప్రత్యక్షంగా చూసుకోవడం మేలు. ఎస్‌యూవీలోకి ఎక్కడం కుర్చీలో కూర్చున్నట్టు ఉంటే, సెడాన్‌లోకి దిగడం పీట మీద కూర్చున్నట్టు ఉంటుంది. కూర్చోవడం కన్నా లేవడమే కష్టం. ఆమెను ముందు సీటులో కూర్చోబెట్టి, సీటును పైకి జరిపే మీట ఉంటే పూర్తిగా పైకి తెచ్చి, ఎవరి సాయమూ లేకుండా మూడుసార్లు దిగి ఎక్కమనండి. మూడోసారి ఆమె ముఖం చూస్తే మీకు జవాబు దొరుకుతుంది. అమ్మగారు ముందు కూర్చుంటే వెనుక మీ భార్యగారు, ఇద్దరు పిల్లలు. కారు వెడల్పు 1,752 మిల్లీమీటర్లే, పైగా మధ్యలో నేల ఎత్తుగా ఉంటుంది. బాబుకు వెనుక సీటులోని ఐసోఫిక్స్ కొక్కేలకు తగిలించే చైల్డ్ సీటు, పాపకు బూస్టరు పెట్టిన తరువాత మధ్యలో పెద్దవారికి మిగిలేది తక్కువ చోటు. నెలకొకసారి ఎనిమిది గంటలు ఆ చోటులో కూర్చోవలసింది మీరు కాదు గనుక, చైల్డ్ సీటును వెంట తీసుకువెళ్లి బిగించి చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. ఆ రోజు ఐదుగురూ ఎక్కి మీ కాలనీ స్పీడ్ బ్రేకర్ల మీదుగా కూడా ఒక చుట్టు తిరగండి. కంపెనీ చెప్పే 179 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ కారు అడుగుకూ మధ్య ఎత్తు) ఖాళీ కారుకు కొలిచినది. బరువు పడితే అది తగ్గుతుంది. కొన్ని కాలనీల్లో స్పీడ్ బ్రేకర్లను ఇంటింటివారూ సొంత కొలతలతో పోసుకుంటారు, వాటికి ఏ ఇంజనీరూ బాధ్యుడు కాడు.

ఇంతవరకూ అంతా సజావుగా తేలితే, గేరు కారు కావడమే సెకండ్‌హ్యాండ్ బేరంలో మీకు కలిసివచ్చే అంశం. ఇదే ఇంజన్‌తో వచ్చే ఆటోమేటిక్‌లో ఉండేది ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌లతో తానే గేర్లు మార్చుకునే గేరుబాక్సు. ట్రాఫిక్‌లో పాకించి పాకించి నడిపితే దాని క్లచ్‌లు వేడెక్కి అరుగుతాయి. దానిని నడిపించే మెకాట్రానిక్ యూనిట్ చెడితే, వారంటీ లేనివారికి బిల్లు గుండె గుభేలుమనిపిస్తుంది. మాన్యువల్‌లో క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు మార్పించడం దానితో పోలిస్తే చిన్న ఖర్చు, పైగా అరుగుదల ముందుగానే తెలుస్తుంది. అది తెలుసుకోవడానికి ఖాళీ ఫ్లైఓవర్ ఎక్కుతూ నాలుగో గేరులో 1,500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్‌ను పూర్తిగా నొక్కండి. ఆర్‌పీఎం ఎగబాకుతూ వేగం మాత్రం దానికి తగ్గట్టు పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు లెక్క. క్లచ్ పెడల్‌ను దాదాపు పూర్తిగా వదిలాక గానీ కారు కదలకపోవడం మరో సూచన. ఉదయం చల్లని ఇంజన్‌తో మొదటి గేరు నుంచి రెండుకు మార్చినప్పుడు గరగరమంటే గేర్లు సాఫీగా కలిసేలా చేసే సింక్రోనైజర్లు అరిగాయనుకోవచ్చు. అందుకే మీరు వెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉంటే ఆ రోజుకు తిరిగివచ్చేయండి.

ఈ తరహా కార్లలో నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది మొదటి యజమాని ఉత్సాహానికి. టర్బో ఇంజన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చి శక్తి పెంచుకోవడం, అమ్మే ముందు పాత సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ వేయించడం మామూలే. పైకి ఏమీ కనిపించదు గానీ, ఆ అదనపు టార్క్‌ను మోసిన క్లచ్, టర్బో, గేరుబాక్సు మాత్రం మీ ఇంటికి వస్తాయి. స్కోడా కూడా భాగమైన ఫోక్స్‌వాగన్ గ్రూపు కార్లలో ఇలాంటి మార్పు దొరికితే కంపెనీ తన రికార్డులో టీడీ1 అనే గుర్తు పెడుతుంది, ఆ తరువాత ఇంజన్, గేరుబాక్సుల వారంటీ దావాలు తిరస్కరణకు గురవుతాయి. కాబట్టి ఛాసిస్ నంబరుతో అధీకృత సర్వీసు కేంద్రంలో పూర్తి సర్వీసు చరిత్ర, ఈ గుర్తు ఉందా లేదా, నాలుగేళ్ల లేదా లక్ష కిలోమీటర్ల వారంటీలో ఎంత మిగిలింది, పొడిగించారా అన్నవి అడిగి తెలుసుకోండి. 205/55 ఆర్16 కాకుండా పెద్ద చక్రాలు ఉన్నా, సైలెన్సర్ మార్చిన ఆనవాళ్లున్నా యజమానితో కాసేపు కబుర్లాడండి. కారు గురించి ముచ్చటపడి చెప్పేవాళ్లు మాటల్లో అన్నీ చెప్పేస్తారు. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 41,000 కిలోమీటర్లకే నాలుగు టైర్లూ రెండోసారి మార్చి ఉంటే ఆ కారు ఎలా నడిచిందో, లేదా ఓడోమీటరు ఎంత నిజం చెబుతోందో ఆలోచించుకోవాలి.

ప్రశ్న: మా తమ్ముడు 2012 నాటి స్కోడా లారా వీఆర్‌ఎస్ తక్కువ ధరకు వస్తోందని పట్టుబడుతున్నాడు. ఇంట్లో ఉండబోయే ఏకైక కారు అదే. కొనవచ్చా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ తమ్ముడి అభిరుచిని తప్పుపట్టలేను. 1.8 టీఎస్‌ఐ ఇంజన్, 160 పీఎస్, ఆరు గేర్ల మాన్యువల్, వెనుక అద్దంతో సహా పైకి లేచే 560 లీటర్ల డిక్కీ కలిసిన కారు ఇప్పుడు దొరకడమే అరుదు. కానీ ఇంటికి ఏకైక కారుగా వద్దంటాను. ఆ తరం 1.8 టీఎస్‌ఐ ఇంజన్లకు పిస్టన్ రింగుల వల్ల ఆయిల్ తాగే అలవాటు, వాల్వులను నడిపే టైమింగ్ చైన్‌ను బిగుతుగా ఉంచే టెన్షనర్ బలహీనత ఉన్నాయన్నది ప్రపంచమంతటా మెకానిక్‌లకు తెలిసిన సంగతి. టెన్షనర్ పట్టు వదిలి చైన్ పళ్లు తప్పితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజన్ మొత్తం పోతుంది. రాత్రంతా ఆగి ఉన్న కారును తెల్లవారి స్టార్ట్ చేసినప్పుడు మొదటి రెండు మూడు సెకన్లు గొలుసు గలగలలాడినట్టు వినిపిస్తే ఇంక బేరం అనవసరం. టెన్షనర్ మార్పించిన బిల్లు చూపిస్తే మాట్లాడవచ్చు.

దీనికి తోడు పెట్రోలు కారు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు కనుక 2027లో ఫిట్‌నెస్ పరీక్షకు పెట్టి ఆర్‌సీ పునరుద్ధరించుకోవాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలును దృష్టిలో పెట్టుకుని తయారైన కారు కాదు కాబట్టి రబ్బరు గొట్టాలు, సీళ్ల మీద కన్నేసి ఉంచాలి, మైలేజీ కూడా కొంత తగ్గుతుంది. విడిభాగం కోసం కారు మూడు వారాలు షెడ్డులో ఆగితే పిల్లల బడి ఆగకూడదు. ఇంట్లో రెండో కారు ఏదైనా ఉన్న రోజున మీ తమ్ముడు దీన్ని నిశ్చింతగా కొనుక్కోవచ్చు.

ప్రశ్న: బెంగళూరులో ఫోక్స్‌వాగన్ వర్టస్ జీటీ మాన్యువల్ కారు చూశాము. తెలంగాణకు తెచ్చుకోవడానికి ఏ పత్రాలు కావాలి?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: కర్ణాటక రవాణా శాఖ నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం), యాజమాన్య మార్పిడికి ఫారం 29, 30, కారు మీద అప్పు ఉండి తీరిపోయి ఉంటే బ్యాంకు సంతకం చేసిన ఫారం 35 తప్పనిసరి. ఎన్‌వోసీ చేతికి రాకముందే పూర్తి సొమ్ము ఇవ్వకండి. ఇక్కడ కారు వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు కోరవచ్చు గానీ, అది అమ్మినవారికా మీకా అన్నది బేరంలోనే తేల్చి కాగితం మీద పెట్టుకోండి. కర్ణాటక నంబరుతో ఇక్కడ 12 నెలలకు మించి ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు.

చాలామంది మరిచిపోయేది బీమా. కొన్న 14 రోజుల్లోగా మీ పేరుకు మార్చమని బీమా సంస్థకు దరఖాస్తు చేయాలి. ఆర్‌సీ మారినా పాలసీ పాత యజమాని పేరునే ఉంటే, ప్రమాదంలో మీ కారుకు జరిగిన నష్టానికి పరిహారం అందదు. అమ్మినవారి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో దొరికే తగ్గింపు) వారితోనే పోతుంది కాబట్టి ప్రీమియంలో ఆ తేడా మీరు కట్టవలసి ఉంటుంది. ఆ మొత్తాన్ని ముందే కనుక్కుని కారు ధరలో తగ్గించమని అడగండి.