కుర్రవాడికి వేరికోసిల్: బిళ్లలు వాడాలా, ఆపరేషన్ చేయించాలా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది కూకట్‌పల్లి. ఇంటర్ చదువుతున్న మా అబ్బాయికి 16 ఏళ్లు. ఎడమ వృషణం పైన నరాలు ఉబ్బాయంటే స్కానింగ్ తీయించాం, వేరికోసిల్ అన్నారు. నొప్పి లేదు. ఆక్సీకరణ ఒత్తిడి వల్ల వీర్యకణాలు పాడవుతాయని చదివి, భయపడి యాంటీఆక్సిడెంట్ బిళ్లలు కొన్నాను. వాడవచ్చా? వెంటనే ఆపరేషన్ చేయించాలా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు చదివినది అబద్ధం కాదు, కాని అంతమాత్రాన బిళ్లలు మొదలుపెట్టవలసిన పని లేదు. వృషణం నుంచి రక్తాన్ని వెనక్కు తీసుకుపోయే సిరలలోని కవాటాలు సరిగా మూసుకోకపోతే రక్తం కిందికి జారి నిలిచి, ఆ సిరలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి. దాదాపు 15 శాతం మంది మగవారిలో ఇది ఉంటుంది. ఎడమ సిర పొడవుగా ఉండి, మూత్రపిండ సిరలో ఇంచుమించు లంబకోణంలో కలుస్తుంది కనుక ఆ వైపే ఎక్కువ. వృషణాలకు శరీరంకంటే 2 నుంచి 4 డిగ్రీలు తక్కువ వేడి కావాలి. నిలిచిన రక్తం ఆ చల్లదనాన్ని పోగొడుతుంది. దానికి ఆక్సిజన్ కొరత తోడైతే, అక్కడి కణాలలో చురుకైన ఆక్సిజన్ అణువులు శరీరం అణచగలిగినదానికంటే ఎక్కువగా పుట్టి, వీర్యకణాల పైపొరను, లోపలి డీఎన్ఏను దెబ్బతీస్తాయి. మీరు చదివిన ఆక్సీకరణ ఒత్తిడి ఇదే.

అయితే ఎదిగే పిల్లలలో వీర్యపరీక్షకు స్థిరమైన ప్రమాణాలు లేవు, ఆ వయసువాడిని అడగడమూ ఇబ్బందే. అందుకే మేము ముఖ్యంగా చూసేది వృషణం ఎదుగుదల. ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి స్కానింగులో రెండింటినీ కొలిపించాలి. ఎడమది 20 శాతానికి మించి చిన్నదై, ఆ తేడా మళ్లీ మళ్లీ కనిపిస్తేనో, నొప్పి వేధిస్తేనో ఆపరేషన్ సంగతి ఆలోచిస్తాం. ఒక్క స్కానింగుతో తేల్చకూడదు. వెనుకబడిన వృషణం తరువాత దానంతట అదే ఎదిగి రెండోదాన్ని అందుకోవడం ఈ వయసులో మామూలే. వేరికోసిల్ ఉన్నవారిలో ఎక్కువమంది తండ్రులవుతూనే ఉన్నారు.

ఆ చురుకైన అణువులను అణచడానికి వాడే యాంటీఆక్సిడెంట్ బిళ్లలు ఉబ్బిన సిరను సరిచేయవు. ఈ వయసు పిల్లలకు మేలు చేస్తాయనడానికి గట్టి ఆధారమూ లేదు. మందుల దుకాణంవారు వెనక్కు తీసుకుంటే ఇచ్చేయండి. ఇది చెడు అలవాట్ల వల్ల వచ్చినది కాదని మాత్రం వాళ్ల నాన్నగారిచేత అబ్బాయికి చెప్పించండి. ఈ అపోహతో లోలోపల కుమిలిపోయే పిల్లలు చాలామందే ఉన్నారు.

స్కానింగ్ రిపోర్టుతో ఒకసారి యూరాలజిస్టును కలవండి; నిమ్స్, ఉస్మానియా ఆసుపత్రులలో ఆ విభాగాలున్నాయి. పడుకున్నా ఉబ్బు తగ్గకపోతే కడుపు స్కానింగ్ కూడా అవసరం. వృషణంలో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే అది మెలిపడటం కావచ్చు. అప్పుడు అర్ధరాత్రయినా ఆగకుండా, 6 గంటలు దాటకముందే ఆసుపత్రికి చేర్చండి.