మలపరీక్షలో ‘రెసిస్టెంట్’ అని వస్తే బాబుకు ఇంజెక్షన్లు తప్పవా?

ప్రశ్న: మా బాబుకు ఎనిమిది నెలలు. జలుబు, దగ్గు ఉంటే అమాక్సిసిలిన్-క్లావులనేట్ సిరప్ రాసిచ్చారు. మూడో రోజు నుంచి నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. రోజుకు ఏడెనిమిది సార్లు అవుతున్నాయి. రక్తం పడటం లేదు, జ్వరం లేదు. పాలు తాగుతున్నాడు, ఆడుకుంటున్నాడు. మలం కల్చర్ చేయిస్తే ‘ఈ.కోలై, ఈఎస్‌బీఎల్ పాజిటివ్’ అని వచ్చింది. చాలా మందుల పేర్లకు ఎదురుగా ‘రెసిస్టెంట్’ అని ఉంది. ఇక ఇంజెక్షన్లే దిక్కని బంధువులు అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఆస్పత్రిలో చేర్పించాలా?
– ఒక తల్లి

జవాబు: మీ బాబు పాలు తాగుతూ, ఆడుకుంటూ, జ్వరం, రక్తం లేకుండా ఉంటే ఈ రిపోర్టు ఒక్కదాన్ని చూసి ఇంజెక్షన్లు మొదలుపెట్టక్కర్లేదు.

ఈ.కోలై మన పేగుల్లో మామూలుగానే ఉండే బ్యాక్టీరియా. పుట్టిన కొద్ది రోజులకే బిడ్డ పేగుల్లో చేరిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మలాన్ని కల్చర్‌కు, అంటే ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు పంపినా అది పెరుగుతుంది. విరేచనాలు కలిగించే ఈ.కోలై రకాలు కొన్ని ఉన్న మాట నిజమే. అయితే మీ బాబులో ఉన్నది ఆ రకమా, మామూలు రకమా అన్నది సాధారణ కల్చర్‌లో తేలదు. దానికి జన్యువులను గుర్తించే పీసీఆర్ లాంటి పరీక్ష కావాలి. రక్తం లేని నీళ్ల విరేచనాలకు కల్చర్ రాయడం వల్ల చాలాసార్లు ఇలాంటి కంగారు తప్ప ఒరిగేదేమీ ఉండదని నా అభిప్రాయం.

ఈఎస్‌బీఎల్ అంటే పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతి మందులను విరగ్గొట్టే ఎంజైమ్. అది ఉన్న బ్యాక్టీరియా ఆ మందులకు లొంగదు. రిపోర్టులో ‘రెసిస్టెంట్’ అంటే అదే. అంతమాత్రాన అదే విరేచనాలు తెచ్చిందని కాదు. యాంటీబయాటిక్ పడగానే లొంగే బ్యాక్టీరియా చచ్చి, లొంగనిది ఆ ఖాళీలో పెరుగుతుంది. సిరప్ వాడిన తర్వాత చేసిన పరీక్షలో అది కనిపించడంలో వింతేమీ లేదు.

మరి మోషన్స్ ఎందుకు? మొదటి అనుమానం బాబుకిచ్చిన ఆ యాంటీబయాటిక్ సిరప్ మీదే. పిల్లలకు విరేచనాలు తెప్పించడంలో ఈ మందుకు పేరుంది. ఆపిన కొద్ది రోజుల్లో సాధారణంగా తగ్గిపోతాయి. జలుబు చాలావరకు వైరస్ వల్ల వచ్చేది కాబట్టి, సిరప్ ఇంకా అవసరమా అని రాసిన డాక్టర్‌ను ఈరోజే అడగండి. రెండో అనుమానం రోటా, నోరో లాంటి వైరస్‌ల మీద. వాటిపై ఏ యాంటీబయాటిక్ పనిచేయదు.

రెసిస్టెన్స్‌కు భయపడాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. జ్వరంతో, రక్తం, జిగటతో విరేచనాలవుతుంటే షిగెల్లా అనే బ్యాక్టీరియాను అనుమానిస్తాం. దానికి యాంటీబయాటిక్ కావాలి. ఒకప్పుడు ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ సరిపోయేవి. అవి చాలాచోట్ల పనికిరాకుండా పోయాక నాలిడిక్సిక్ యాసిడ్, తర్వాత సిప్రోఫ్లోక్సాసిన్ వాడారు. ఇప్పుడు దానికీ లొంగని షిగెల్లా పెరగడంతో అజిత్రోమైసిన్, సెఫ్ట్రియాక్సోన్ మీద ఆధారపడుతున్నాం. మందుకు లొంగని గుణం షిగెల్లా, ఈ.కోలై మధ్య చేతులు మారుతుందని 1950ల చివర్లోనే జపాన్ పరిశోధకులు గుర్తించారు. అవసరం లేని యాంటీబయాటిక్ వద్దని మేం గొంతు చించుకునేది అందుకే. పైగా షిగా టాక్సిన్ అనే విషాన్ని తయారుచేసే ఈ.కోలై రకానికి యాంటీబయాటిక్ ఇస్తే కిడ్నీలు దెబ్బతినే ముప్పు పెరగవచ్చు.

ఇప్పుడు మీరు చూడాల్సింది ఒంట్లోని నీరు. మోషన్ అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్ల ఓఆర్‌ఎస్ చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో మొత్తం పొడిని ఒకేసారి కలపాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టండి. తల్లిపాలు గానీ, తాగే పాలు గానీ, అలవాటైన మెత్తటి ఆహారం గానీ ఆపొద్దు. జింక్ రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 10 నుంచి 14 రోజులు ఇస్తారు. మోషన్స్ మధ్యలోనే తగ్గినా కోర్సు పూర్తి చేయాలి. లోపెరమైడ్ లాంటి మోషన్స్ ఆపే మందులు ఈ వయసులో ప్రమాదం. పండ్ల రసాలు, కూల్‌డ్రింకుల్లోని చక్కెర విరేచనాలను పెంచుతుంది.

ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, కళ్లు గానీ నెత్తి మీద మాడు గానీ గుంట పడినా, ఏడ్చినా కన్నీళ్లు రాకపోయినా, మగతగా ఉండి పాలు తాగకపోయినా, మలంలో రక్తం కనిపించినా, ఆకుపచ్చ వాంతులైనా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మూడు నెలల లోపు పిల్లలైతే విరేచనాలకు జ్వరం తోడవగానే వెళ్లాల్సిందే. ఆ వయసులో సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియా రక్తంలోకి చేరే ప్రమాదం ఎక్కువ.

రిపోర్టును పారేయకండి. రాబోయే నెలల్లో బాబుకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే, సరైన మందు ఎంచుకోవడానికి డాక్టర్‌కు అది ఉపయోగపడుతుంది. డైపర్ మార్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. బాబు ఆడుకుంటున్నా సరే, విరేచనాలు 14 రోజులు దాటితే పిల్లల డాక్టర్‌కు మళ్లీ చూపించి బరువు తూయించండి.