ఆరున్నర అయితే ఆయన ఇంట్లో ఉన్నా లేనట్టే

ప్రశ్న: మావారి ఉద్యోగం దక్షిణ కొరియాలోని సువన్‌లో. నేను డిపెండెంట్ వీసా మీద వచ్చి ఏడాదిన్నర. బాబుకి ఐదేళ్లు. మావారికి బేస్‌బాల్ పిచ్చి పట్టుకుంది. సాయంత్రం ఆరున్నరకి ఈ ఊరి జట్టు కేటీ విజ్ ఆట మొదలైతే ఇక ఫోన్ వదలరు, లేదంటే ఆఫీసువాళ్లతో స్టేడియంకి వెళ్తారు. అడిగితే ‘నువ్వూ రా’ అంటారు. నాకు ఆ ఆట తెలీదు, ఆ మోత భరించలేను. ఏం చేయను?

జవాబు: భాష రాని ఊళ్లో, మాట్లాడే మనిషి కోసం పొద్దుటి నుంచి ఎదురుచూస్తే, ఆయన వచ్చీ రాగానే ఫోన్‌లో తలదూరిస్తే ఎవరికైనా కడుపు మండుతుందమ్మా. మీ కోపం న్యాయమైనదే. అయితే కొరియా ఆఫీసులో కొత్తవాడు పదిమందిలో కలవడానికి బేస్‌బాల్ మంచి దారి. క్రికెట్ చూస్తూ పెరిగిన మనిషికి ఇట్టే అంటుకుంటుంది. మానిపించాలని చూస్తే ఆయన చాటుగా చూస్తారు. గంటల లెక్క తేల్చుకోండి.

అక్కడ ఒక్కో జట్టు సీజన్‌కి 144 ఆటలు ఆడుతుంది. మార్చి చివర్లో మొదలై శరదృతువు దాకా, సోమవారం తప్ప దాదాపు రోజూ. ఐపీఎల్ లీగ్ దశలో ఒక జట్టుకి ఉండేవి 14. రోజూ ఉండే ఆటను రోజూ మొదటి నుంచీ చూస్తే ఇల్లు నడవదు. వారానికి రెండు ఆటలు పూర్తిగా, మిగతావి హైలైట్లు అని ఒప్పందం చేసుకోండి. ఆరున్నరకి మొదలైన ఆట తొమ్మిదిన్నర దాటితే గానీ తేలదు. భోజనం, బాబు స్నానం, కథ అయ్యాక కూడా తొమ్మిది ఇన్నింగ్స్‌లో చివరి రెండు మూడు ఆయనకి మిగులుతాయి. అసలు ఉత్కంఠ అంతా అక్కడే.

ఒక్కసారి మాత్రం మీరూ వెళ్లండి, వేసవి ముదరకముందు ఆదివారం మధ్యాహ్నం ఆటకి. మోతంతా మొదటి, మూడో బేస్‌ల (బ్యాటర్ పరుగెత్తి చేరే చోట్లు) వైపు, జనంతో పాటలు పాడించే చీర్ స్టేజీల దగ్గర. అవుట్‌ఫీల్డ్ వెనక, బ్యాటర్‌కి దూరంగా సీట్లు తీసుకుంటే ప్రశాంతం, పైగా చవక. తమ జట్టు బ్యాటింగ్ చేసేటప్పుడే ఆ జట్టువాళ్లు పాడతారు, కాబట్టి మోత వంతులవారీగా ఉంటుంది. బాబుకి ‘మూడు అవుట్లయితే వంతు మారుతుంది’ అని చెబితే చాలు, వాడే లెక్కపెడతాడు. పులిహోర డబ్బా తీసుకెళ్లొచ్చు, గాజు సీసాలు మాత్రం వద్దు. బంతి జనంలోకి వస్తుంటే సిబ్బంది ఈల వేస్తారు. అది వినగానే తల ఎత్తి చూడండి, బాబుని దగ్గరికి లాక్కోండి.

అసలు చిక్కు నాకు మరోచోట కనబడుతోంది. మీ ఫోన్ నంబరు ఆయన పేరు మీద ఉందేమో చూసుకోండి. అలా ఉంటే టికెట్ బుకింగ్, ఆన్‌లైన్ షాపింగ్ లాంటి చాలా చోట్ల ఫోన్ నంబరుతో అడిగే గుర్తింపు ధ్రువీకరణ మీ పేరుతో జరగదు, ప్రతిదానికీ ఆయన్నే అడగాలి. మీ పేరు మీద నంబరు తీసుకోండి. ఇంటిపేరుతో సహా మన పొడుగు పేర్లు విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్డులో ఉన్నట్టే, మధ్య ఖాళీలతో సహా, ఫోన్ కంపెనీలో నమోదు కావాలి. అక్షరం తేడా వచ్చినా ధ్రువీకరణ ఆగిపోతుంది. తర్వాత మీ ప్రాంతపు ఫ్యామిలీ సెంటర్‌లో కొరియన్ తరగతుల గురించి అడగండి. క్లాసున్న సాయంత్రం బాబు బాధ్యత ఆయనదే. ఆట ఉన్నా సరే.

ఇవన్నీ సోమవారం మాట్లాడండి. ఆ రోజు ఆట ఉండదు, ఆయన చెవులు మీవి.