సస్పెన్షన్ ఫోర్కు సర్వీసు: గంటలతో పాటు దారినీ చూడాలి

ఏడాదిన్నరగా తొక్కుతున్న సైకిల్ ఎయిర్ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకుని, లోపలి గాలితో కుదుపులు తగ్గించే భాగం) నుంచి నూనె కారడం లేదు కదా, విప్పకుండా వదిలేయవచ్చా అని మీరు అడిగారు. వదిలేయకండి. నూనె కారే సరికి సీలు (నూనె బయటికి, మట్టి లోపలికి పోకుండా ఆపే రబ్బరు రింగు) ఎప్పుడో అరిగి, మట్టి లోపలికి చేరి ఉంటుంది.

ఫోర్కులు తయారుచేసే రాక్‌షాక్స్ కంపెనీ, కింది కాళ్ల సర్వీసు (కింది గొట్టాలు ఊడదీసి శుభ్రం చేసి నూనె మార్చడం) తొక్కిన ప్రతి 50 గంటలకోసారి చేయమంటుంది. మరో కంపెనీ ఫాక్స్ పూర్తి సర్వీసుకు 125 గంటలు లేదా ఏడాది, ఏది ముందైతే అది అంటుంది. నేను ఒంగోలులో ఉంటాను, గంటలతో పాటు తొక్కిన దారినీ చూస్తాను. చీమకుర్తి వైపు గ్రానైట్ లారీల వెనక తిరిగితే సీలు అంచున బూడిదరంగు పొడి పేరుకుంటుంది. అది రాతిపొడి, సీలులోంచి జారే నున్నటి పై గొట్టాన్ని గీకేస్తుంది. కొత్తపట్నం తీరంలో ఇసుక, ఉప్పుగాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే వానలు వెలిశాక మాత్రం తప్పనిసరిగా విప్పుతాను.

ముందు గాలి పూర్తిగా తీసేయాలి, ఇది మరిచిపోతే ప్రమాదం. కింది బోల్టులు వదులు చేసి నూనె తెల్లటి గిన్నెలోకి వంచుతాను. తర్వాతి గడువు చెప్పేది ఆ నూనె రంగే. తేటగా ఉంటే పాత గడువు, నల్లబడితే ఇంకా ముందే, పాలలా ఉంటే నీళ్లు చేరినట్లు. ఒకసారి ఒక దుకాణంలో గొట్టాల మీద స్ప్రే కొట్టి సర్వీసు అయిందన్నారు. అది సర్వీసు కాదు, ఉన్న నూనెనూ కడిగేయడం!

డ్యాంపర్‌తో (ఫోర్కు కదిలే వేగాన్ని అదుపు చేసే లోపలి భాగం) సహా పూర్తిగా విప్పించాల్సిన సందర్భం వేరు. రీబౌండ్ నాబ్ (ఫోర్కు తిరిగి పైకి లేచే వేగాన్ని మార్చే మీట) తిప్పినా తేడా తెలియకపోవడం, గాలి నిలవకపోవడం, ఫోర్కు కిందికి కుంగి పైకి రాకపోవడం దాని గుర్తులు. ఫోర్కు వదులై ఊగుతుంటే ముందు చక్రం బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. సీలు దగ్గర వేలికి కదలిక తగిలితే తప్పు బుష్‌లది (పై గొట్టం జారేందుకు కింది కాళ్లలో ఉండే రింగులు), హ్యాండిల్ కింద తగిలితే హెడ్‌సెట్‌ది (ఫోర్కు ఫ్రేములో తిరిగే చోటి బేరింగులు). బుష్‌ల పని ఇంట్లో పెట్టుకోకండి. గొట్టం మీద గోరు తట్టుకునేంత గీత పడితే కొత్త సీలు కూడా ఎక్కువ కాలం ఆగదు.

మీది కాకపోయినా, చవక సైకిళ్లకు వచ్చే స్ప్రింగు ఫోర్కు గురించి ఒక మాట: శుభ్రం చేసి గ్రీజు పెట్టించడం వరకే. వదులై బాగా ఊగుతుంటే ఫోర్కే మార్చడం మేలు.

విప్పే ముందు సీరియల్ నంబరు చూసి సరిపోయే సీళ్లు, స్పాంజి రింగులు, ఆ మోడల్‌కు చెప్పిన నూనె తెప్పించుకోండి. నాకు ఒంగోలులో దొరకలేదు, ఆన్‌లైన్‌లోనే కొంటున్నాను.